అమ్మబోవు ఇంటికి వెల్ల

పెద్దలనాటి ఇల్లు అమ్మదలచిన గృహస్థుని చేతిలో సొమ్ము అంతగా ఉండదు. ఉన్నచో అమ్మనే అమ్మడు. కనుక ఉన్న కొద్దిపాటి సొమ్మును ఎచ్చట వెచ్చింపవలెననునదే చిక్కు. మేస్త్రీ నడిగినచో రంగులు చెప్పును. బంధువుల నడిగినచో వీధి తలుపు మార్చుమందురు. మొదటి రూపాయి కప్పుమీద పెట్టవలెనని నా అభిప్రాయము.

పెంకుటింటి గోడమీది మరకకు తరచుగా పైనున్న పగిలిన పెంకే కారణము. వానలకు ముందే పగిలినవి మార్చి, జారినవి సర్దించినచో గోడ తనంతట ఆరును. ఆరిన పిమ్మటనే వెల్ల. సున్నమును నీట చల్లార్చి, ఒకటి రెండు దినములు నాననిచ్చి, గుడ్డతో వడగట్టి, కొంచెము జిగురు కలిపి, పలుచగా రెండు మూడు మారులు వేయింపవలెను. చిక్కని పూత పొరలుగా ఊడును. బొగ్గుపులుసు వాయువును గ్రహించి సున్నము గట్టిపడుననునది మన విద్యార్థులు రసాయనశాస్త్రములో చదివినదే. పైగా వెల్ల గోడలోని తేమను వెలికి పోనిచ్చును. ప్లాస్టిక్ రంగులు అంత సులభముగా పోనీయవు.

నేలనుండి రెండు మూడడుగులు ఉప్పు రాలు గోడ సంగతి వేరు. ఆ చెమ్మ పునాదినుండి ఎక్కినది. ఎంత వెల్ల వేసినను కొలది నెలలలో మరల బయటపడును. అట్టి గోడకు అడ్డముగా బీరువా జరుపు వారును కలరు! కొనవచ్చినవాడు ఏ గుమాస్తాయో, ఏ బడిపంతులో. యావజ్జీవపు పొదుపును మూటగట్టుకొని వచ్చినవాడు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టము 55వ సెక్షను ప్రకారము, కొనువాడు సాధారణ శ్రద్ధతో కనిపెట్టలేని ముఖ్యమైన లోపము అమ్మువానికి తెలిసియున్నచో, వేరు ఒడంబడిక లేనపుడు, చెప్పితీరవలెను. చెప్పకుండుట మోసము క్రిందికి వచ్చును. దూలములోని చెదలకును, హక్కులోని చిక్కునకును ఇదియే నియమము. ధర కొంత తగ్గినను గోడ చూపియే బేరమాడుట నాకు సమ్మతము.

ఇక కాగితములు. వీనికి ఖర్చు స్వల్పము, విలువ అధికము. పాత దస్తావేజులు, ఇంటిపన్ను రసీదులు, సబ్ రిజిస్ట్రారు కార్యాలయమున ఇచ్చు ఈసీ సిద్ధముగా నుండవలెను. ఆడపడుచుల సంతకమెందుకను మాట నేడు చెల్లదు. పిత్రార్జితమున కుమార్తెకు పుట్టుకతో హక్కునిచ్చుచు ఆంధ్రప్రదేశ్ 1986లోనే శాసనము చేసెను. అప్పటికే పెండ్లియైన వారికి అది వర్తింపలేదు. 2005 నాటి కేంద్ర సవరణ ఆ భేదమును తొలగించి, దేశమంతటికిని ఆ హక్కును విస్తరింపజేసెను. కావున సున్నమువానికంటె ముందు అక్కచెల్లెండ్రకు కబురంపవలెను.