స్టెంట్ ఉంటే ఎంఆర్ఐ తీయించుకోవచ్చా?

"నాన్నకి నడుం నొప్పి తగ్గట్లేదురా. డాక్టరు గారు ఎంఆర్ఐ రాశారు. గుండెలో స్టెంట్ ఉందిగా, ఆ మెషిన్ లాగేస్తుందంట. ఊళ్లో అందరూ వద్దంటున్నారు..."

హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉద్యోగం చేసుకుంటున్న మీకు నరసరావుపేట నుంచో, మాచర్ల నుంచో ఇలా ఫోన్ వస్తే ఏం చెబుతారు?

స్టెంట్ ఉన్నవాళ్లలో దాదాపు అందరూ ఎంఆర్ఐ తీయించుకోవచ్చు. అయితే ముందు స్టెంట్ కాగితాలు చూపించాలి.

భయం ఎక్కడిది?

పేస్‌మేకర్ ఉన్న ఓ మహిళ ఎంఆర్ఐ స్కాన్ సమయంలో చనిపోయారని ఏలూరు నుంచి వార్త వచ్చింది. ఇలాంటి వార్త నాలుగు నోళ్లు మారేసరికి 'గుండెలో ఏదున్నా స్కాన్ వద్దు' అనే మాట మిగులుతుంది. కానీ పేస్‌మేకర్ వేరు, స్టెంట్ వేరు.

పేస్‌మేకర్‌లో బ్యాటరీ, సర్క్యూట్, గుండెలోకి వెళ్లే వైర్లు ఉంటాయి. బలమైన అయస్కాంతం దాని పనిని గందరగోళం చేయగలదు. ఎంఆర్ఐకి పనికొచ్చే కొత్త రకాలు ఉన్నా, స్కాన్‌కు ముందు వాటి సెట్టింగ్ మార్చాలి.

స్టెంట్‌లో ఇవేవీ ఉండవు. అది కొన్ని మిల్లీమీటర్ల వెడల్పున్న జల్లెడ లాంటి సన్నటి గొట్టం, అంతే. స్టెయిన్‌లెస్ స్టీలు, కోబాల్ట్-క్రోమియం, ప్లాటినం-క్రోమియం వంటి లోహాలతో చేస్తారు. వీటిని అయస్కాంతం లాగదు, లాగినా చాలా స్వల్పం. వంటింట్లో స్టీలు గ్లాసులకు ఫ్రిజ్ మాగ్నెట్ పెట్టి చూడండి, కొన్నింటికి అసలు అంటుకోదు. పైగా స్టెంట్‌ని బెలూన్‌తో రక్తనాళం గోడకు గట్టిగా అదిమి పెడతారు.

ఎన్నాళ్లు ఆగాలి?

స్టెంట్ వేశాక ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగమని ఒకప్పుడు చెప్పేవాళ్లు. 2007లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ దీన్ని పరిశీలించి, ఇప్పటి గుండె స్టెంట్లు ఉన్నవాళ్లకు 3 టెస్లా వరకు ఉన్న మెషిన్లలో ఎప్పుడైనా స్కాన్ చేయొచ్చని చెప్పింది. పక్షవాతం అనుమానం ఉన్నా, వెన్నుపూస దగ్గర నరం నొక్కుకుపోతున్నా స్కాన్ ఆలస్యమైతేనే నష్టం.

స్కాన్ కోసమని రక్తం పలచబడే మాత్రలు సొంతంగా ఆపొద్దు. అలా ఆపితే స్టెంట్‌లో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది.

జాగ్రత్తలు ఇవీ

స్టెంట్ గుంటూరులో వేయించుకుని, స్కాన్ ఇంటి దగ్గర తీయించుకునేవాళ్లకు అసలు చిక్కు కాగితాలతోనే. అవి బీరువాలో ఎక్కడో ఉంటాయి. డిశ్చార్జ్ సమ్మరీలో, స్టెంట్ కార్డులో కంపెనీ, మోడల్, వేసిన తేదీ ఉంటాయి. వాటిని బట్టే ఆ స్టెంట్‌కి ఏ మెషిన్‌లో, ఎలా స్కాన్ చేయాలో రేడియాలజిస్టు నిర్ణయిస్తారు.

మెదడులో క్లిప్, చెవిలో ఇంప్లాంట్, వెల్డింగ్ లేదా గ్రైండింగ్ పనిలో కంట్లో పడిన ఇనుప రజను... వీటిలో ఏదున్నా దాచకుండా చెప్పాలి. కిడ్నీ జబ్బు ఉంటే, ఇంజక్షన్ ఇచ్చి చేసే స్కాన్‌కు ముందే ఆ సంగతి చెప్పాలి.

అమ్మ పసుపుతాడుకి పెట్టుకున్న పిన్నీసుల దగ్గర్నుంచి నాన్న మొలతాడు, ఫోన్, ఏటీఎం కార్డు వరకు అన్నీ బయటే పెట్టాలి. స్కాన్ జరగకపోయినా ఆ అయస్కాంతం పనిచేస్తూనే ఉంటుంది. 1.5 టెస్లా మెషిన్ బలం భూమి అయస్కాంత శక్తికి దాదాపు 30 వేల రెట్లు. 2018 జనవరిలో ముంబైలోని ఓ ఆసుపత్రిలో ఆక్సిజన్ సిలిండర్‌తో ఎంఆర్ఐ గదిలోకి వెళ్లిన యువకుణ్ణి ఆ మెషిన్ సిలిండర్‌తో సహా లాగేసింది. అతను ప్రాణాలు కోల్పోయాడు. అతను పేషెంట్ కాదు, బంధువుకి తోడుగా వచ్చినవాడు.

ఇంట్లో ఎవరికైనా స్టెంట్ ఉంటే ఈ రాత్రే ఫోన్ చేసి, ఆ డిశ్చార్జ్ సమ్మరీని, స్టెంట్ కార్డుని ఫొటో తీసి పంపమనండి. మీ ఫోన్‌లో ఒక కాపీ, ఫ్యామిలీ గ్రూపులో ఒక కాపీ ఉంచండి. స్కాన్ సెంటర్‌లో అడిగినప్పుడు బీరువా వెతుక్కోవాల్సిన పని ఉండదు.