ఆకుపచ్చ గుడ్డ – మా నాయనమ్మ కాశీయాత్ర

టి.వి.లో వాతావరణం చెప్పే ఆవిడ వెనుక దేశపటం, దాని మీద కదిలే మేఘాలు మనందరం చూసేవే. కాని చాలా స్టూడియోల్లో ఆవిడ వెనుక పటమూ ఉండదు, మేఘాలూ ఉండవు. ఉండేది ఒక్క ఆకుపచ్చ గోడ. ఆవిడ పక్కనున్న మరో టి.వి.లో చూసుకుంటూ ఖాళీ గోడ మీద చెయ్యి చూపిస్తుంది. సినిమాల్లో కోటలు, జలపాతాలు, యుద్ధాలు కూడా చాలావరకు ఇలా పుట్టినవే. ఈ విద్య ఇప్పుడు మన చేతిలోని ఫోనుతోనే సాధ్యం. అది ఎలా పనిచేస్తుందో, నేను ఇంట్లో చేసి ఎలా బోల్తాపడ్డానో మిత్రులకు చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ముందు కొంచెం చరిత్ర. ఒక బొమ్మలోని మనిషిని మరో బొమ్మలో పెట్టాలనే కోరిక సినిమా పుట్టిన కొద్దికాలానికే పుట్టింది. 1898 నాటికే ఫ్రాన్సులో జార్జి మెలియే అనే ఇంద్రజాలికుడు నల్లగుడ్డ ముందు నటించి, అదే ఫిల్మును వెనక్కి తిప్పి మళ్ళీ చిత్రీకరించాడు. నలుపు నుంచి వెలుతురు రాదు కాబట్టి ఫిల్ములో ఆ భాగం ఖాళీగా మిగులుతుంది. ఆ ఖాళీలో రెండో బొమ్మ పడుతుంది. రంగుల ఫిల్ము వచ్చాక నలుపుకు బదులు నీలం వచ్చింది. 1940లో వచ్చిన 'ది థీఫ్ ఆఫ్ బాగ్దాద్'లో లారీ బట్లర్ నీలితెర పద్ధతి వాడి ఆస్కార్ బహుమతి పొందాడు. 1959 నాటి 'బెన్‌హర్' కోసం పెట్రో వ్లాహోస్ దానిని మెరుగుపరిచాడు. రంగుకూ రంగుకూ మధ్య తేడాను లెక్కగట్టడమే ఆయన పద్ధతి. మన 'మాయాబజార్' (1957)కు మార్కస్ బార్ట్లీ ఛాయాగ్రహణం చేసిన రోజుల్లో కంప్యూటర్ సాయం అనేదే లేదు. అది తలచుకుంటే మనం చేసేదంతా పిల్లలాట.

మరి నీలం పోయి ఆకుపచ్చ ఎందుకొచ్చింది? మనిషి చర్మం నల్లనైనా తెల్లనైనా అందులో ఎరుపు పాలే ఎక్కువ. కాబట్టి ఆకుపచ్చా, నీలమూ రెండూ చర్మానికి దూరపు రంగులే. అయితే డిజిటల్ కెమెరాలకు పచ్చ అంటే పక్షపాతం. 1976లో పేటెంటు పొందిన బ్రైస్ బేయర్ పద్ధతి ప్రకారం కెమెరా లోపలి పలకలో ప్రతి నాలుగు గళ్ళలో రెండు ఆకుపచ్చకు, ఒకటి ఎరుపుకు, ఒకటి నీలానికి ఉంటాయి. మన కన్నూ పచ్చని వెలుగునే బాగా గ్రహిస్తుంది కనుక అలా అమర్చారు. అందుచేత పచ్చరంగు వివరం స్పష్టంగా పడుతుంది. అంతేకాక తక్కువ దీపాలతోనే పచ్చగుడ్డ వెలుగుతుంది.

ఇక అసలు కిటుకు. ఫోటోలోని ప్రతి బిందువుకు మూడు అంకెలుంటాయి – ఎరుపు, పచ్చ, నీలం, ఒక్కొక్కటి 0 నుంచి 255 దాకా. గుడ్డ మీది బిందువు 60, 180, 75 అనుకుందాం. ముఖం మీది బిందువు 200, 150, 120. ఇప్పుడు పచ్చ అంకెలోంచి మిగతా రెంటిలో పెద్దదాన్ని తీసివేయండి. గుడ్డకు 180 – 75 = 105. ముఖానికి 150 – 200 = మైనస్ 50. సున్నా కంటే తక్కువ వస్తే మనిషి, ఉంచు. 105 వస్తే గుడ్డ, తీసెయ్. మధ్యలో వస్తే ఆ నిష్పత్తిలో పలచన చెయ్. జుట్టు కొసలు సగం జుట్టు, సగం గుడ్డ కాబట్టి సగమే పలచనవుతాయి. చూశారా, ఐదో తరగతి తీసివేతే! ఖాళీ అయిన చోట మనకు కావలసిన బొమ్మ అడుగున పెట్టడమే తరువాయి. ఫోటోలకు జింప్, వీడియోలకు కెడెన్‌లైవ్, ఓబీఎస్ వంటి ఉచిత ప్రోగ్రాములు ఈ లెక్క అంతా చేసిపెడతాయి.

ఇంత తెలిశాక ఊరుకోబుద్ధి కాలేదు. మా నాయనమ్మకు కాశీ చూడాలని ఎప్పట్నుంచో ఆశ. మోకాళ్ళ నొప్పులు, ఎప్పుడూ ఏదో ఒక వ్యవసాయం అప్పు – కుదర్లేదు. సంక్రాంతి సెలవులకు ఇంటికెళ్ళినప్పుడు నేనే చూపించేద్దామనుకున్నా.

మొదట నారుమడికి కట్టే పచ్చవల కట్టా. వలకు కన్నాలు, కన్నాల్లోంచి ఎండ. ఒకచోట పచ్చ, ఒకచోట నలుపు. లెక్క తప్పింది. అప్పుడు బట్టలకొట్లో మెరుపు లేని నూలుగుడ్డ ఐదు మీటర్లు కొని, ముడతల్లేకుండా ఇస్త్రీ చేసి, కళ్ళం పక్క నీడలో రెండు గుంజలకు బిగించా. ముడత ఉంటే నీడ పడుతుంది, నీడ పడితే అంకె మారుతుంది. నాయనమ్మ నులకమంచాన్ని గుడ్డకు ఆరడుగులు ముందుకు జరిపా. దగ్గరుంటే గుడ్డ మీది పచ్చ వెలుగు బుగ్గల మీద పడుతుంది. అలా పడినచోట పచ్చ అంకెను మిగతా రెంటిలో పెద్దదాని వరకు తగ్గిస్తే సరిపోతుంది. ఇటుకల దొంతర మీద ఫోను కదలకుండా పెట్టి, వెలుతురూ రంగూ దానంతటది మార్చుకోకుండా లాక్ చేశా.

ఫలితం చూసి ఇల్లంతా ఒకటే నవ్వు. నాయనమ్మ చీరకు పచ్చంచు! 30, 140, 60 – తేడా 80. అంటే నాలుగింట మూడు వంతులు మాయం. చేతిలోని తమలపాకూ అంతే. "ఒరేయ్ అబ్బాయ్, నా చీరలోంచి గంగ పోతందేంట్రా!" అంది నాయనమ్మ.

రెండోసారి ఎర్రంచు చీర కట్టించా. ఈసారి మరో తప్పు తెలిసింది. ఘాట్ ఫోటోలో ఎండ ఎడమనుంచి, మా కళ్ళంలో వెలుతురు కుడినుంచి. పైగా ఆ ఫోటో మేడమీంచి తీసినది, నా ఫోను మంచమంత ఎత్తులో ఉంది. మనిషి గాల్లో తేలుతున్నట్టుంది. వెలుగు దిక్కు, కెమెరా ఎత్తు రెండు బొమ్మల్లోనూ ఒకటి కావాలి. కాళ్ళ కింద నీడ కూడా వెయ్యాలి. అవన్నీ సరిచూసుకుని మెట్ల మీంచి తీసిన మరో ఫోటో పెట్టాక, నాయనమ్మ నిజంగానే గంగ ఒడ్డున కూర్చున్నట్టుంది. వీడియోలో మాత్రం అంచులు కాస్త రంపంలా వచ్చాయి. ఫోను వీడియోలో సాధారణంగా నాలుగు బిందువులకు కలిపి ఒకే రంగు విలువ దాస్తారు కనుక పచ్చ హద్దు మొరటుగా తెగుతుంది.

ఇక్కడితో అయిపోతే బాగుండేది. మా తమ్ముడు ఆ ఫోటోను వాట్సాప్ స్టేటస్ పెట్టాడు. తెల్లారేసరికి వీధిలోని ఆడవాళ్ళు వచ్చి నాయనమ్మ కాళ్ళకు దణ్ణాలు పెడుతున్నారు. "ఎప్పుడెళ్ళొచ్చావత్తా? కాశీదారాలేవి? గంగనీళ్ళు తేలేదా?" అని అడుగుతున్నారు. నాయనమ్మ ఒక్కొక్కరికీ "నేనెళ్ళలేదమ్మా, మా మనవడి ఫోను ఎళ్ళింది" అని చెప్పుకోవలసి వచ్చింది. కొందరు నమ్మలేదు కూడా. బొమ్మ కళ్ళెదుట ఉంటే మనిషి మాట ఎవరు నమ్ముతారు? రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడోనాడు అన్నం పెడుతూ అంది: "పోని చోటికి పోయానంటే, పోవాలన్న ఆశ కూడా పోద్దిరా."

నాకు సిగ్గేసింది. పచ్చ అంకెలోంచి ఎర్ర అంకె తీసేయడం నేర్చుకున్నానే గాని, బొమ్మలోంచి నిజం తీసేస్తే ఏం మిగులుతుందో ఆలోచించలేదు. ఇప్పుడైతే గుడ్డ కూడా అక్కరలేదు. లక్షల బొమ్మలు చూసి నేర్చుకున్న ప్రోగ్రాములు మనిషిని వెనుకటి దృశ్యంలోంచి వాటంతటవే కత్తిరిస్తున్నాయి. ఒకరు లేని చోట ఉన్నట్టు చూపడం నిమిషం పని. నాటకంలో రాజు వేషం చూసి ఎవరూ మోసపోరు, అది నాటకమని తెలుసు కాబట్టి. ఈ విద్యకు కావలసింది కూడా ఆ ఒక్క మాటే. చేసింది ట్రిక్కు అయితే ట్రిక్కని బొమ్మ మీదే రాయాలి.

నేనూ అదే చేశా. ఫోటో కింద "మా కళ్ళంలో తీసి, కాశీ బొమ్మ అతికించినది" అని పెద్ద అక్షరాలతో రాసి అచ్చువేయించి ఇచ్చా. ఇప్పుడది దేవుడి గూటి పక్కన గోడకుంది. వచ్చినవాళ్ళకు నాయనమ్మే చదివించి నవ్విస్తుంది. దాళ్వా ధాన్యం డబ్బులు చేతికొస్తే కాశీకి రైలు టిక్కెట్లు తీస్తానని నాన్న అన్నారు. ఆ ఫోటో తీసేటప్పుడు మాత్రం పచ్చగుడ్డ ఇంట్లోనే ఉంటుంది.

– బి.ఎస్సీ. (ఎం.పి.సి.), తృతీయ సంవత్సరం