ఒంటి తూకం, నేల తూకం

 

హైదరాబాదులో మెహదీపట్నం పక్కన గుడిమల్కాపూర్ అని ఒక పేట వుంది. అక్కడి పూలమండి సంగతి మీలో చాలామందికి తెలుసు. ఒకప్పుడు జాంబాగులో వుండిన పెద్ద పూలమండి తరవాతి కాలంలో ఇక్కడికి వచ్చింది. చేవెళ్ల, శంకర్‌పల్లి, షాబాద్, మొయినాబాద్ వైపు నుంచి బంతి, చామంతి, గులాబి, లిల్లీ పూలు తెల్లవారకముందే మూటలుగా వచ్చి దిగుతాయి. బతుకమ్మ, దసరా, దీపావళి వచ్చాయంటే ఆ మండిలో కాలు పెట్టే చోటు వుండదు.

మండిలో సరుకు తూకం మీద పోతుంది. తూకంలో పావుకిలో తేడా వస్తే రైతు వూరుకోడు. అడుగుతాడు, అడగవలసిందే. మరి ఆ మూట మోసే మనిషి ఒంటి తూకం సంగతి ఎవరు అడుగుతారు? ఆ పూలు పండించిన నేల తూకం సంగతి ఎవరు అడుగుతారు? ఈనాడు ఆ రెండు తూకాల గురించీ చెప్పుకుందాం. ఈ రెండూ వేరు వేరు సంగతుల్లాగా కనబడతాయిగాని, కాస్త ఆలోచిస్తే రెండింటికీ మధ్య దారి వున్నది. ఆ దారి పేరు వలస.

వలస వస్తే ఒంటికి ఏమవుతుంది?

పల్లె విడిచి పట్నం పోవడం మనకు కొత్త కాదు. పాలమూరు కూలీలు దేశమంతా తిరిగి ఆనకట్టలు కట్టారు. కరీంనగరం, నిజామాబాదు జిల్లాల వారు గల్ఫు దేశాలకు పోయారు. పట్నం పోయినవాడు నాలుగు డబ్బులు చూస్తాడు, పిల్లల్ని చదివించుకుంటాడు. అది మంచిదే. కాని వాడి ఒంట్లో ఏం మారుతుంది?

ఈ ప్రశ్నకు జవాబు వెతకడానికి మన దేశంలో ఒక పెద్ద పరిశోధన జరిగింది. దానిని భారత వలస అధ్యయనం అంటారు. 2005 మొదలు 2007 వరకు హైదరాబాదు, బెంగుళూరు, నాగపూరు, లక్నో నగరాల్లోని కర్మాగారాల్లో పనిచేసేవారినీ, వారి భార్యాభర్తలనూ పరీక్షించారు. అంతటితో ఆగలేదు. పల్లె నుంచి వచ్చినవారికి వూళ్లో వుండిపోయిన అన్ననో, తమ్ముణ్ణో, అక్కచెల్లెళ్లనో కూడా పిలిచి పరీక్షించారు. ఇందులో తెలివి ఏమిటో చూడండి. అన్నదమ్ములిద్దరూ ఒక్క తల్లి బిడ్డలు. ఒకే ఇంట్లో పెరిగారు, ఒకే గటక తిన్నారు. ఒకడు పట్నం పోయాడు, ఒకడు వూళ్లో వున్నాడు. ఇప్పుడు ఇద్దరి ఒంట్లో తేడా కనబడితే, ఆ తేడా చాలావరకు ఎక్కడిదో తెలిసిపోతుంది.

2010లో ఆ ఫలితాలు ప్రకటించారు. మొత్తం 6,510 మంది లెక్క అది. మగవారిలో ఎత్తుకు తగినదానికన్నా బరువు బాగా పెరిగినవారు పల్లెలో నూటికి 19 మంది. పల్లె నుంచి పట్నం వచ్చినవారిలో నూటికి దగ్గర దగ్గర 38 మంది. పట్నంలోనే పుట్టి పెరిగినవారిలో నూటికి 42 మంది. ఇక చక్కెర జబ్బు చూస్తే పల్లెలో నూటికి 6 మందికి వుంటే, వలస వచ్చినవారిలో 14 మందికి వుంది. అంటే రెండింతలకు పైమాట. ఆడవారిలోనూ ఇదే వరస కనిపించింది. ఇంకొక సంగతి కూడా తేలింది. పట్నం వచ్చిన మొదటి పదేళ్లలోనే కొవ్వు త్వరత్వరగా పెరుగుతుంది. రక్తపు పోటు వంటివి తరవాత మెల్లగా, ఏళ్ల తరబడి పెరుగుతూ పోతాయి.

దీనికి పట్నం గాలిలో మాయ ఏమీ లేదు. ఒంటికి కష్టం తగ్గింది, తిండిలో నూనె, చక్కెర పెరిగాయి. అంతేకాదు, ఇప్పుడు పల్లెలు కూడా పట్నం బాట పట్టాయి. పొలానికి మోటారు సైకిలు, దున్నడానికి ట్రాక్టరు, ఇంట్లో టీవీ వచ్చాయి. మనిషి కదలకపోయినా పట్నమే మన దగ్గరికి వలస వస్తున్నది. కాబట్టి మేం వూళ్లోనే వున్నాం, మాకేం భయం లేదు అనుకోవడానికి వీలు లేదు.

ఒంటికి పునాది చిన్నతనంలోనే, తల్లి కడుపులోనే పడుతుందనీ మన చుట్టుపక్కలే తేలింది. హైదరాబాదు దగ్గరి 29 గ్రామాల్లో 1987 నుంచి 1990 వరకు ఒక పరీక్ష నడిచింది. కొన్ని గ్రామాల్లో గర్భిణులకూ, చిన్నపిల్లలకూ అదనంగా పౌష్టికాహారం పెట్టారు. కొన్నింటిలో అప్పటికి ఆ పథకం రాలేదు. పిల్లలు 13 నుంచి 18 ఏళ్ల వయసు వారైనాక పోల్చి చూస్తే, ఆహారం అందిన గ్రామాల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు ఎక్కువ ఎత్తు వున్నారు. చక్కెర జబ్బుకు, గుండెజబ్బుకు దారితీసే లక్షణాలు కూడా వారిలో తక్కువగా కనిపించాయి. అంగన్‌వాడీ తిండిని చులకనగా చూడవద్దని చెప్పడానికి ఇంతకన్న సాక్ష్యం ఏం కావాలి?

ఒంటి తూకం అంటే ఏమిటి?

చక్కెర జబ్బు ఒక్క రక్తంతో ఆగదు. ఏళ్లు గడిచినకొద్దీ అది నరాలను పాడుచేస్తుంది. ముందు అరికాళ్లే మొద్దుబారతాయి. చెప్పు జారిపోయినా తెలియదు, రాయి గుచ్చుకున్నా తెలియదు. అలాంటి మనిషి చీకట్లో నడిస్తే పడిపోతాడు. ఎందుకు పడతాడో తెలియాలంటే మనిషి నిలబడే కిటుకు తెలియాలి.

మనిషి పడకుండా నిలబడడానికి మూడు సాక్షులు కావాలి. ఒకటి కళ్లు, నేల ఎలా వున్నదో అవి చూసి చెబుతాయి. రెండవది లోపలి చెవి. అందులో సన్నని గొట్టాలు మూడు వున్నాయి. వాటిలో నీటివంటి పదార్థం వుంది. తల వంగితే అది కదులుతుంది. మేస్త్రీ గోడ కట్టేటప్పుడు వాడే రసమట్టం లాంటిదన్నమాట. మూడవది అరికాళ్లు, కీళ్లు, కండరాలు. కాలికింద నేల మెత్తగా వున్నదా, వాలుగా వున్నదా అన్నది అవి చెబుతాయి. ఈ మూడింటి కబురూ మెదడుకు చేరితే, మెదడు కండరాలకు ఆజ్ఞ ఇస్తుంది. ఇదంతా రెప్పపాటులో జరుగుతుంది.

ముసలితనంలో కంటికి చత్వారం వస్తుంది, కండ బలం తగ్గుతుంది. పైన చక్కెర జబ్బు తోడైతే అరికాలి సాక్ష్యం కూడా పోతుంది. మూడు కాళ్ల పీటకు రెండు కాళ్లు వూగినట్టే. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ప్రపంచంలో ఏటా 6,84,000 మంది కిందపడి చనిపోతున్నారు. అందులో నూటికి 80 మందికి పైగా మనవంటి దేశాల వారే. కొడుకు పట్నం పోయాడు, ఇంట్లో ముసలితల్లి ఒక్కతే వున్నది. రాత్రి వాకిట్లోకి వస్తూ జారిపడింది. తుంటి ఎముక విరిగింది. చూసేవారెవరు? పంట పోతే మరుపంట వస్తుంది. విరిగిన తుంటితో మంచాన పడ్డ మనిషి మళ్లీ లేచి నడవడం అంత తేలిక కాదు.

సాధన చేస్తే తూకం వస్తుంది

సంతోషించవలసిన మాట ఏమిటంటే, ఈ తూకాన్ని సాధనతో నిలుపుకోవచ్చు. ముసలివారికి వ్యాయామం నేర్పి చేసిన 108 పరీక్షలను 2019లో ఒకచోట చేర్చి చూశారు. 23,000 మందికి పైగా వాటిలో పాల్గొన్నారు. వ్యాయామం చేసినవారిలో పడిపోవడాలు దాదాపు నాలుగో వంతు తగ్గాయి. అందులోనూ నిలుపు, నడక, లేవడం, కూర్చోవడం నేర్పే వ్యాయామాలు బాగా పనిచేశాయి.

వెనకటి రైతుకు ఈ సాధన పొలంలోనే దొరికేది. సన్నని గట్టు మీద నడవడం, మడిలో వంగి లేవడం, గొంతుకూర్చుని కలుపు తీయడం, ఇవన్నీ ఒంటికి తూకం నేర్పేవే. పిల్లలు తొక్కుడు బిళ్ల ఆడేవారు. అది ఒంటికాలి సాధన. ఇప్పుడు అవి తగ్గాయి కనుక కొంచెం తెలిసి చెయ్యాలి. ఖర్చు లేదు, పరికరం అక్కరలేదు. పక్కన గోడ గాని, గుంజ గాని పట్టుకోవడానికి వుంటే చాలు.

మొదటిది: అరుగు మీదనో, కుర్చీలోనో కూర్చుని, చేతులు ఆనించకుండా లేచి నిలబడాలి. మళ్లీ మెల్లగా కూర్చోవాలి. పదిసార్లు.

రెండవది: గోడ పట్టుకుని మడమలు పైకెత్తి, మునివేళ్ల మీద నిలిచి దిగాలి. పదిసార్లు.

మూడవది: నేలమీద ముగ్గుతో ఒక గీత గీసి, ఒక పాదం వేళ్లకు రెండో పాదం మడమ తగిలేటట్టు అడుగులో అడుగు వేస్తూ పది అడుగులు నడవాలి.

నాలుగవది: గోడ పక్కన ఒంటికాలి మీద నిలబడి పది అంకెలు లెక్కపెట్టాలి. తరవాత రెండో కాలు.

వారానికి మూడు రోజులకు తగ్గకుండా చెయ్యాలి. 65 ఏళ్లు దాటినవారికి ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే మాట కూడా ఇదే. తల తిరిగేవారు, ఈమధ్య ఎముక విరిగినవారు డాక్టరును అడగకుండా మొదలుపెట్టకూడదు. ముసలివారు చేసేటప్పుడు పక్కన ఒక మనిషి వుండాలి. నలుగురు కలిసి చేస్తే విసుగు రాదు. బతుకమ్మ ఆటలో, కోలాటంలో అడుగు మార్చడం, వంగడం, తిరగడం వున్నాయి. ఆడవారు పండగ నాడే కాక మిగతా రోజుల్లోనూ ఆడుకుంటే తప్పేమిటి?

బ్రెజిల్ దేశంలో 51 నుంచి 75 ఏళ్ల వయసున్న 1,702 మందిని ఒంటికాలి మీద పది సెకండ్లు నిలబడమన్నారు. అయిదుగురిలో ఒకరు నిలబడలేకపోయారు. తరవాత సుమారు ఏడేళ్లలో, నిలబడలేనివారిలో చనిపోయినవారు నూటికి 17 మందికి పైగా. నిలబడగలిగినవారిలో నూటికి అయిదుగురి లోపే. అయితే దీన్ని తప్పుగా అర్థం చేసుకోవద్దు. ఒంటికాలి మీద నిలబడలేకపోవడం వల్ల చనిపోయారని కాదు. వారిలో వయసు, జబ్బులు కూడా ఎక్కువే. ఆకు పసుపు రంగు తిరిగితే తప్పు ఆకుది కాదు, వేరు దగ్గర చూసుకోమని అర్థం. ఇదీ అంతే. నిలబడలేనివారు ఆసుపత్రికి పోయి చక్కెర, రక్తపు పోటు, కళ్లు చూపించుకోవాలి.

మూట బరువు, కాలికింద నేల

ఇక మండికి వద్దాం. మూట మోసే హమాలీ మన పల్లెల నుంచి వలస వచ్చినవాడే. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లోనే ఒక హద్దు చెప్పింది. మగవాడు ఒక్కడు మోసే బరువు 55 కిలోలు దాటితే దాన్ని త్వరగా తగ్గించే ఏర్పాటు చెయ్యాలన్నది. తలమీద బరువు పెరిగినకొద్దీ ఒంటి తూకం తప్పుతుంది. కాబట్టి రైతు సోదరులారా, మూట చిన్నదిగా కట్టండి. పూలు నలగవు, మనిషీ నలగడు.

మరొక ప్రమాదం కాలికింద వున్నది. వాడిన పూలు, రాలిన రేకలు, నీళ్లు కలిసి తొక్కుడు పడితే పాచిపట్టిన మెట్టులాగా జారుతుంది. బరువు నెత్తిన వున్నవాడు జారితే ఆపుకోలేడు. అందుచేత పూలచెత్తను ఎప్పటికప్పుడు ఎత్తివెయ్యడం శుభ్రం కోసమే కాదు, నడుములు, కాళ్లు విరగకుండా కాపాడటం కోసం కూడా.

నేలకు తిరిగి ఇవ్వండి

ఎత్తిన చెత్తను ఏం చెయ్యాలి? తగలబెడితే పొగ మన ఊపిరితిత్తుల్లోకే పోతుంది. గుట్టపోస్తే కుళ్లి ఈగలు ముసురుతాయి. హైదరాబాదులోనే బోయినపల్లి కూరగాయల మార్కెట్టులో చెత్తతో గ్యాసు తయారుచేసి కరెంటు తీశారు. రోజుకు సుమారు 10 టన్నుల చెత్త నుంచి 500 యూనిట్ల కరెంటు వస్తున్నదని 2021లో దేశమంతా చెప్పుకున్నారు. అంత పెద్ద యంత్రం ప్రతిచోటా పెట్టలేకపోవచ్చు. కాని కంపోస్టు గుంట ఎవరైనా పెట్టుకోవచ్చు.

పూలు తెచ్చిన బండి వూరికి ఖాళీగా తిరిగి పోతుంది. నలుగురు రైతులు కలిస్తే అదే బండిలో పూలచెత్త తెచ్చుకోవచ్చు. ముందు దారాలు, ప్లాస్టిక్కు, జరీ కాగితం ఏరివెయ్యాలి. జానెడు మందం పూలు, దానిమీద నాలుగు వేళ్ల మందం ఎండాకు గాని చొప్ప ముక్కలు గాని, పైన పేడనీళ్లు, కొంచెం మట్టి. ఇలా వరసలు వేసి నడుమెత్తు వరకు పేర్చాలి. పూలలో నీరు ఎక్కువ కనుక ఎండాకు తప్పకుండా వెయ్యాలి. లేకపోతే కంపు కొడుతుంది. పిడికెడు తీసి పిండితే ఒకటి రెండు చుక్కలు రావాలి. ధారగా కారితే నీళ్లెక్కువ. అసలు తడి తగలకపోతే తక్కువ. పదిహేను రోజులకొకసారి తిరగవెయ్యాలి. రెండున్నర, మూడు నెలలకు నల్లని, మట్టివాసన వచ్చే ఎరువు తయారవుతుంది. ఇండోరులో ఆల్బర్ట్ హోవర్డు 1924 నుంచి 1931 వరకు పనిచేసి, మన రైతుల అలవాట్లనే చూసి ఇటువంటి పద్ధతిని ప్రపంచానికి చెప్పాడు.

పూలతోటలకు పురుగుమందు ఎక్కువ కొడతారు. కొట్టాక డబ్బామీద రాసిన గడువు దాటేవరకు కోయకండి. ఆ పూలు మోసేవాడి మెడకూ, దండ గుచ్చే ఆడవారి వేళ్లకూ, చివరికి మీ ఎరువు గుంటకూ ఆ మందు చేరుతుంది. కంపోస్టు వేడికి కొన్ని మందులు విరుగుతాయిగాని, అన్నీ విరగవు.

విస్తరణ అధికారులు ఈ పనులను ఒక్క సభతో మొదలుపెట్టవచ్చు. రైతుల సమావేశంలో మట్టి పరీక్ష గురించి చెప్పే రోజునే, ఆశా కార్యకర్తను పిలిచి చక్కెర పరీక్ష కూడా చేయించండి. కంపోస్టు గుంట చూపించిన చోటనే ముగ్గుగీత మీద పది అడుగులు నడిపించండి. వినే మాటకన్న చేసిన పని ఎక్కువ కాలం గుర్తుంటుంది.

నేల నుంచి తీసుకున్నది నేలకు తిరిగి ఇస్తే నేల తూకం నిలుస్తుంది. తిన్నదానికి తగిన కష్టం చేసి, కాళ్లకు సాధన నేర్పితే ఒంటి తూకం నిలుస్తుంది. పట్నం పోయినవారికి ఫోను చేసినప్పుడు డబ్బు సంగతితో పాటు ఈ సంగతి కూడా అడగండి: "చక్కెర చూపించుకున్నావా? రోజూ నడుస్తున్నావా?" వారు మిమ్మల్ని అడగవలసిన మాట కూడా ఒకటి వున్నది: "అమ్మ రాత్రిపూట లేస్తే దారిలో దీపం వుంటున్నదా?"