పైడి జైరాజు : మూకచిత్రమునుండి వాక్చిత్రమునకు

శామీరుపేట మీఁదుగా హైదరాబాదును కరీంనగరముతోఁ గలుపు బాట మన పాఠకులలోఁ బెక్కండ్రకుఁ బరిచితమే. ఆ బాట కొక కొనయగు కరీంనగరమున 1909వ సంవత్సరము సెప్టెంబరు 28వ తేదీని జన్మించి, రెండవ కొనయగు హైదరాబాదున నిజాము కళాశాలలోఁ జదివి, యచటనే నాటకములయం దభిరుచి నలవఱచుకొనిన తెలుఁగువాఁడు పైడి జైరాజు.

ఈయన 1929వ సంవత్సరప్రాంతమున బొంబాయి చేరి 'జగ్‌మగ్తీ జవానీ' యను మూకచిత్రమునఁ జిన్నవేషము ధరించెను. పిదప 'రసీలీ రాణీ' యందు నాయకుఁడయ్యెను. మూకచిత్రమున నటునకు దేహమే భాష. గుఱ్ఱపుస్వారి, కత్తిసాము, కనుబొమల కదలిక, ఇవియే వాని వ్యాకరణము. మాటలు తెరపై నక్షరములుగాఁ గనఁబడునే కాని చెవికి వినఁబడవు. కావున నటుఁ డే ప్రాంతమువాఁడైనను, వాని యుచ్చారణ మెట్టిదైనను ప్రేక్షకులకుఁ బట్టదు.

1931వ సంవత్సరము మార్చి 14వ తేదీని 'ఆలం ఆరా' ప్రదర్శిత మగుటతో నీ స్థితి తలక్రిందులయ్యెను. మిక్కిలి పేరొందిన సులోచన సయితము హిందూస్తానీ నేర్చుకొనుటకై కొంతకాలము చిత్రములకు దూరముగా నుండవలసివచ్చెను. జైరాజో, 1932లోనే 'షికారీ' చిత్రముతో వాక్చిత్రములందుఁ బ్రవేశించెను. దీనికిఁ గారణము కేవలము రూపబలమని చెప్పుటకు నాకు మనసొప్పదు. నిజాము రాష్ట్రమున నాఁడు రాజభాష ఉర్దూ. న్యాయస్థానములందును, కచేరీలందును అదియే. 1918లో నెలకొనిన ఉస్మానియా విశ్వవిద్యాలయమున బోధనభాషయు నదియే. నిజాము కళాశాలలోఁ బాఠము లాంగ్లమున జరిగినను, ప్రాకారము దాటఁగనే చెవిని బడునది ఉర్దూయే. ఇంటిభాష యొకటి, కొలువుభాష వేఱొకటి యగుటచే మన బాలురు పడిన క్లేశమును 1926లో వెలువడిన 'గోలకొండ పత్రిక'లో సురవరము ప్రతాపరెడ్డిగా రెలుఁగెత్తి చాటిరి. ఆ క్లేశమే యొక నటునకు జీవనాధార మగుట విచిత్రము!

ఇంకొక విచిత్రము. ఆ 1932లోనే తొలి తెలుఁగు వాక్చిత్రము 'భక్తప్రహ్లాద'ను హెచ్. ఎం. రెడ్డిగారు తీసినదియు బొంబాయిలోనే. అందు నటించినవారు సురభి నాటకసమాజమువారు. పద్యమును రాగమును వారి వెంటనే వచ్చినవి. నాఁటి తెలుఁగుచిత్రము రంగస్థలపు నీడ. పాడనేర్చినవారిదే యందు మొదటిపీఁట. జైరాజు కృషి హిందీచిత్రసీమయందే సాగినది.

1945లో 'ప్రతిమా', 1951లో 'సాగర్' చిత్రములకు దర్శకత్వము వహించినను, ఆయనకు నిలిచిన కీర్తి వీరవేషములవలననే. 'అమర్ సింగ్ రాథోడ్' (1956), 'వీర్ దుర్గాదాస్' (1960) ఇందులకు సాక్షులు. మూకచిత్రములనాఁటి కత్తిసామును, హైదరాబాదు ఉర్దూయును ఈ పాత్రలలో నొక్కచోటఁ గూడినవి.

దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారము 1974వ సంవత్సరమునకు బి. ఎన్. రెడ్డిగారికిఁ దెలుఁగుచిత్రములవలనను, 1980వ సంవత్సరమునకు జైరాజునకు హిందీచిత్రములవలనను లభించెను. ఆయన 2000వ సంవత్సరము ఆగష్టు 11వ తేదీని ముంబయినగరమునఁ గాలధర్మము నొందెను.