చెరువు కట్ట ఎందుకు తెగుతది? నీరటోళ్ల ఎరుక

చెరువుల చరిత్రలో తవ్వించిన రాజు పేరు ఉంటది. మట్టి మోసిన వడ్డెరోళ్ల లెక్క ఉండదు. కట్టను ఏండ్లకేండ్లు కాపాడిన నీరటోని ఊసు అసలే రాదు. బుక్కరాయసముద్రం కట్ట కోసం ప్రాణమిచ్చిన ముసలమ్మ మీద కట్టమంచి రామలింగారెడ్డి కావ్యం రాసిండు. మంచిదే. వానాకాలం రాత్రుల్లో కందిలి పట్టుకొని కట్ట మీద తిరిగిన మాల, మాదిగల మీద ఎవరు రాసిండ్రు?

తెలంగాణ ఊళ్లల్లో నీరటి పని ఎక్కువగా దళితులదే. తూము తీసుడు, బందు పెట్టుడు, మడిమడికీ నీళ్లు పారిచ్చుడు, కట్టను కనిపెట్టుకొని ఉండుడు. దానికి ప్రతిఫలంగా కొంత ఇనాం భూమి, కల్లం కాడ మేర గింజలు. దాని పక్కనే వెట్టి. దీన్ని ఊరి సేవ అన్నరు గాని, ఇందులో శాస్త్రం ఉంది.

మట్టి కట్టలు ఎక్కువగా రెండు తీర్ల తెగుతయి. ఒకటి, నీళ్లు కట్ట మీదికెళ్లి పొర్లుడు. వెనక వాలు కోసుకపోయి గంటల్లోనే గండి పడుతది. అందుకే రాతి అలుగును కట్ట కంటే తక్కువ ఎత్తులో కడతరు. పెద్ద రైతులు ఇంకొన్ని నీళ్లు నిలవాలని అలుగు మీద బస్తాలు పేరిస్తే, అలుగు కాల్వ కబ్జా అయితే, ముప్పు కట్టకే. 2024 జులైలో అశ్వారావుపేట మండలం గుమ్మడవల్లి దగ్గర పెద్దవాగు మట్టి కట్ట తెగింది కూడా వరద మీదికి పొర్లినంకనే.

రెండోది లోపలి ఊట. ఎండ్రకాయలు, పందికొక్కుల బొరియలు, పాత తూము గోడకూ మట్టికీ మధ్య పడ్డ చీలిక, వీటెంబడి నీళ్లు దారి చేసుకుంటయి. తుమ్మలను మొలకప్పుడే పీకాలె. పెద్ద చెట్టును నరికి మొదలు వదిలేస్తే వేర్లు కుళ్లి లోపల సొరంగమైతది. పాత కట్ట వెనక చెమ్మ ఉండుడు మామూలే, చూడాల్సింది ఊట రంగు. తేటగా వస్తే కనిపెట్టుకొని ఉండాలె. బురదగా వస్తే కట్ట లోపలి మట్టి కొట్టుకపోతున్నట్టే. అప్పుడు ఆ బుగ్గను మట్టితో మూయొద్దు, మూస్తే ఇంకోచోట పగులుతది. ముందు ఇసుక, దాని మీద కంకర పరవాలె. నీళ్లు పోవాలె, మట్టి ఆగాలె.

1997లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో నీటి వినియోగదారుల సంఘాల చట్టం వచ్చింది. ఓటు ఆయకట్టులో భూమి ఉన్నోళ్లకు. తూము ఎరిగిన నీరటోనికి భూమి లేకపోతే బయటనే. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో పూడిక తీసిండ్రు, కట్టలు గట్టి చేసిండ్రు. కాని మన్ను తోలుకునే కిరాయి రైతే పెట్టుకోవాలె. అంటే పొలం, పైసలు రెండూ ఉన్నోనికే చెరువు మన్ను. ఇక కట్ట తెగితే కట్ట కిందున్న ఇండ్లు మునుగుతయి. అవి ఎవరివో మీ ఊళ్లో చూడండి.

వానలు పడకముందే ఊరి ముసలి నీరటోన్ని వెంటబెట్టుకొని కట్ట ఈ కొస నుంచి ఆ కొస దాకా నడవండి. ఎక్కడ ఊట, ఎక్కడ బొరియ, తూము ఎట్లుంది, ఆయన చెప్పిందంతా ఆయన పేరుతోనే రాసుకోండి. ఆ కాగితాన్ని గ్రామసభలో చదవండి, ఒక నకలు నీటిపారుదల శాఖ ఏఈకి ఇచ్చి ముట్టినట్టు సంతకం తీసుకోండి.