సర్క్యూట్ బోర్డుకు నారింజ తొక్క వైద్యం ఎందుకు?

బోర్డు మీద సోల్డరింగ్ చేశాక, అతుకు బాగా పట్టడానికి వాడే ఫ్లక్స్ జిగటగా మిగులుతుంది. అందులోని రోజిన్ పైన్ చెట్టు బంక. ఉత్త నీళ్లకు లొంగదు. ఒకప్పుడు దాన్ని సీఎఫ్‌సీ-113 అనే ద్రవంతో కడిగేవారు. అది మండదు, ఇట్టే ఆరిపోతుంది. ఇంకేం కావాలి అనుకున్నారు! తీరా చూస్తే, ఆ ఆవిరి పైపైకి చేరి, అందులోని క్లోరిన్ ఓజోన్ పొరను తినేస్తోంది. 1987లో మాంట్రియల్ ఒప్పందం దానికి కళ్లెం వేసింది.

మరుసటి ఏడాదే అమెరికాలో ఏటీ అండ్ టీ, పెట్రోఫెర్మ్ సంస్థలు టెర్పీన్ ద్రావకాన్ని ముందుకు తెచ్చాయి. నారింజ తొక్క నొక్కితే కంట్లోకి చిమ్మే నూనెలో ఉండేది టెర్పీనే. దాని స్వభావం, రోజిన్ స్వభావం దగ్గరదగ్గరివి. కాబట్టి జిగటను తేలిగ్గా కరిగించుకుంటుంది; తర్వాత నీళ్లతో కడిగేస్తారు. అయితే దీనికి నిప్పంటుకునే గుణముంది, జాగ్రత్త తప్పదు. ఇప్పుడు చాలా ఫ్యాక్టరీలు అసలు కడగనక్కర్లేని ఫ్లక్స్‌నే వాడుతున్నాయి.