గోడకు మీగడ తెలుపు

ఐవరీ, క్రీమ్, ఆఫ్‌వైట్ అంటూ షేడ్ కార్డుల్లో రకరకాల పేర్లతో కనిపించే వెచ్చని లేత రంగులన్నింటికీ మూలం తెల్లటి బేస్ పెయింటే. ఆ తెలుపునిచ్చేది టైటానియం డయాక్సైడ్. దానికి పసుపు ఐరన్ ఆక్సైడ్, కాస్త ఎరుపు, ఒక్కోసారి రవ్వంత నలుపు తోడైతే మీగడ తెలుపు తయారవుతుంది. దుకాణంలో టింటింగ్ మెషిన్ కింద డబ్బా పెట్టినప్పుడు చూస్తే ఈ సంగతి కళ్లకు కడుతుంది. సన్నటి గొట్టం నుంచి చిక్కటి తెల్ల పెయింటు నడిమధ్యన చిన్న పసుపు మచ్చ పడుతుంది, దాని పక్కనే ఒక నల్ల చుక్క. మూత బిగించి షేకర్‌లో కుదిపి తీసేసరికి ఆ రెండూ జాడ లేకుండా కలిసిపోతాయి. కలిపిన రంగు అంత తక్కువ కాబట్టే, ముదురు రంగు గోడలకు లేని ఒక గుణం ఈ గోడకు వస్తుంది. చుట్టూ ఉన్న రంగులు దాని మీద పెత్తనం చేస్తాయి. నేల, కిటికీ, బల్బు, పక్కింటి గోడ అన్నీ కలిసి దాని అసలు రంగును తేలుస్తాయి. అందుకే ఈ రంగును దుకాణంలో కాకుండా ఇంట్లో ఎంచుకోవాలి.

తెలుగు ఇళ్లకు తెల్ల గోడ కొత్తేమీ కాదు. పండగ వస్తుందన్నా, పెళ్లి కుదిరిందన్నా వెల్ల వేయించేవారు. సున్నాన్ని నానబెట్టి, వడకట్టి, అందులో కాస్త నీలిమందు కలిపేవారు. సున్నంలో సహజంగా ఉండే పసుపు ఛాయను ఆ నీలం అణచివేస్తుంది, గోడ కంటికి మరింత తెల్లగా కనిపిస్తుంది. ఇప్పటి మీగడ తెలుపు దీనికి సరిగ్గా ఎదురు దారి. అయినా అందులో తర్కం ఉంది. సున్నం గోడ గరుకుగా ఉంటుంది, పడిన వెలుగును నలువైపులా మెత్తగా చెదరగొడుతుంది. లప్పం పెట్టి, సాండ్‌పేపర్ పట్టి నున్నగా చేసిన ఇప్పటి గోడకు అచ్చమైన తెలుపు వేసి, పైన ఎల్ఈడీ లైటు వెలిగిస్తే గది ఆసుపత్రి వార్డులా ఉంటుంది. ఆ చలువదనాన్ని విరవడానికే పసుపు చుక్క.

గదిలోకి వచ్చే వెలుగు అన్ని దిక్కుల నుంచీ ఒకేలా ఉండదు. హైదరాబాద్ సుమారు 17 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో ఉంది. మే రెండో వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మధ్యాహ్న సూర్యుడు నడినెత్తికి కాస్త ఉత్తరంగా ఉంటాడు, మిగతా ఏడాదంతా దక్షిణంగానే. కాబట్టి ఉత్తరపు కిటికీ ఉన్న గదికి ఎక్కువ కాలం ఎండ కంటే ఆకాశపు వెలుగే అందుతుంది. ఆ వెలుగులో నీలి ఛాయ ఎక్కువ. అక్కడ పసుపు కాస్త ఎక్కువున్న షేడ్ వేసినా అతిగా అనిపించదు, గది వెచ్చబడుతుంది. పడమటి గది సంగతి వేరు. సాయంత్రం నాలుగు దాటాక ఏటవాలు ఎండ తగిలితే అదే క్రీమ్ పచ్చి పసుపుగా మారిపోతుంది. అక్కడ పసుపు తగ్గించి, బూడిద ఛాయ కొద్దిగా ఉన్న ఆఫ్‌వైట్ నప్పుతుంది.

అపార్ట్‌మెంట్లలో దిక్కు కంటే పక్క బిల్డింగే ముఖ్యం కావచ్చు. కొద్ది అడుగుల ఎడంలో ఆకుపచ్చ రంగు వేసిన గోడ ఉంటే, దాని మీద పడిన ఎండ ఆ రంగునే పడకగదిలోకి మోసుకొస్తుంది. కిటికీకి అడ్డంగా మామిడి చెట్టున్నా అంతే. అసలు వెలుగే రాని గదిలో మాత్రం ఆఫ్‌వైట్ ఏ అద్భుతమూ చేయదు. గోడ తన మీద పడినదాన్ని తిప్పి ఇవ్వగలదే గాని, లేని వెలుగును పుట్టించలేదు. అలాంటి గదికి ముందు మంచి దీపాలు కావాలి.

నేల ప్రభావాన్ని చాలామంది లెక్కలోకే తీసుకోరు. కిటికీలోంచి దూసుకొచ్చే ఎండ మొదట తగిలేది నేలకే, అక్కడి నుంచి ఎగసి గోడలకూ సీలింగుకూ చేరుతుంది. నీలి బూడిద రంగు తాండూరు రాయి పరిచిన ఇంట్లో మీగడ తెలుపు కొంత చప్పబడుతుంది, కాబట్టి ఒక మెట్టు వెచ్చని షేడ్ తీసుకోవచ్చు. పాత ఇళ్లలోని ఎర్ర గచ్చు మీద అదే షేడ్ గులాబీ వైపు తిరుగుతుంది. ఇబ్బందంతా ఐవరీ టైల్స్‌తోనే. టైలులో ఆకుపచ్చ జీర, గోడలో గులాబీ జీర ఉంటే రెండూ లేత రంగులే అయినా ఒకదాన్నొకటి మాసినట్టు చూపిస్తాయి. నేలను మార్చడం కష్టం, గోడ రంగు మార్చడం సులువు. కాబట్టి ముందు నేలను చూసి, తర్వాతే షేడ్ కార్డు తెరవాలి.

రాత్రి వెలుగుది ఇంకో లెక్క. తెలుగు ఇళ్లలో ఎక్కువగా కనిపించేది 6500 కెల్విన్ల ‘కూల్ డేలైట్’ బల్బు. దాని నీలి వెలుగులో మీగడ తెలుపు కళ తప్పి, కొన్నిసార్లు ఆకుపచ్చగా కూడా తోస్తుంది. 2700, 3000 కెల్విన్ల బల్బుల కింద పసుపు చిక్కబడుతుంది. చదువుకునే పిల్లలూ వంటపనీ ఉండే ఇంటికి 4000 కెల్విన్లు మంచి మధ్యేమార్గం. రంగు కోసం వేలకు వేలు పోసి, చివర్లో చేతికందిన బల్బు బిగించడం తగదు.

ఇన్ని ఆటంకాలకూ మందు ఒకటే, శాంపిల్ వేసి చూడటం. పాత రంగు గోడ మీద నేరుగా పూసి చూస్తే చుట్టూ ఉన్న రంగు కంటిని మోసం చేస్తుంది. రెండడుగుల ప్లైవుడ్ ముక్కకు ప్రైమర్, ఆపై రెండు కోట్లు వేసి పూర్తిగా ఆరనివ్వాలి. దాన్ని బల్ల మీద పడుకోబెట్టకుండా గోడకు ఆనించి నిలబెట్టాలి, ఒక అంచు నేలకు తగలాలి. పొద్దున, మధ్యాహ్నం, పొద్దు వాలేటప్పుడు, రాత్రి దీపాల కింద చూడాలి. పక్కన ఒక తెల్లకాగితం పెడితే అది పసుపు జీరో, గులాబీ జీరో ఇట్టే బయటపడుతుంది. ఒక గోడ వెలుగు ఎదురు గోడ మీద, దాని వెలుగు మళ్లీ దీని మీద పడుతూ గదిలో రంగు చిక్కబడుతుంది. అందుకే కార్డు మీద ముచ్చటపడిన షేడ్ కంటే ఒక మెట్టు లేతది తీసుకోవడం క్షేమం.

సీలింగుకు అచ్చమైన తెలుపు వేస్తే కింద గోడ మురికిపట్టినట్టు కనబడుతుంది. అదే ఆఫ్‌వైట్‌ను పైకీ కొనసాగించడమో, అందులోనే మరింత లేత షేడ్ వేయడమో మేలు. తలుపులకు తెల్ల ఆయిల్ ఎనామిల్ వేస్తే వెలుగు తక్కువగా పడేచోట అది క్రమంగా పసుపెక్కుతుంది, నీటితో కలిపే రకాలకు ఆ బెడద తక్కువ. పాలిష్ పట్టిన టేకు తలుపు మాత్రం ఈ గోడకు పుట్టుకతోనే చుట్టం. ఇత్తడి కుందులు, కొండపల్లి బొమ్మలు, పోచంపల్లి కర్టెన్లు కూడా దీని మీద నిండుగా కనిపిస్తాయి. శ్రీకాళహస్తి కలంకారీ పనివారు బొమ్మ గీయడానికి ముందే గుడ్డను కరక్కాయ రసం కలిపిన పాలలో నానబెడతారు. అలా వచ్చిన లేత పసుపు తెలుపు మీదే ఎరుపులూ నలుపులూ నిలుస్తాయి. అలాంటి గుడ్డను మీగడ రంగు గోడకు వేలాడదీస్తే బట్ట, గోడ వేరువేరని అనిపించదు.

మాట్ ఫినిష్ గోడలోని ఎత్తుపల్లాలను దాచిపెడుతుంది గాని చేతి మరకలు పట్టుకుంటుంది. మెరుపు ఎక్కువైతే లప్పం అలలు లైటు కింద బయటపడతాయి. హాలుకూ పిల్లల గదికీ స్వల్ప మెరుపుతో, తుడిస్తే పోయే ఎమల్షన్ సరిపోతుంది. వంటగదిలో పోపు జిడ్డు, పూజగదిలో దీపం మసి తప్పవు కాబట్టి అక్కడా కడగదగిన రకమే వేయాలి. పసుపు మరక ఎండ తగిలితే వెలుస్తుంది, కానీ వంటగది గోడకు ఎండ తగిలేది అరుదు.

పాత సున్నం పొరను పూర్తిగా గీకకుండా ఎమల్షన్ వేస్తే అది పెచ్చులుగా లేస్తుంది. గోడలో చెమ్మ ఉంటే లేత రంగు మీద ఆ మచ్చ మరీ స్పష్టంగా కనిపిస్తుంది, ముందు లీకేజీని సరిచేయాలి. మరో జాగ్రత్తను ఎంత మాత్రం తేలిగ్గా తీసుకోకూడదు. దేశంలో ఇంటి పెయింట్లలో సీసం 90 పీపీఎం మించకూడదన్న నిబంధన 2017 నవంబరు నుంచి అమల్లోకి వచ్చింది. అంతకు ముందు వేసిన ఎనామిల్ తలుపులను పొడిగా గీకితే లేచే దుమ్ములో సీసం ఉండవచ్చు. తడిపి గీకాలి, పిల్లలనూ గర్భిణులనూ ఆ దరిదాపుల్లోకి రానివ్వకూడదు.

పది బై పన్నెండు అడుగుల గది, పదడుగుల ఎత్తు అనుకుంటే తలుపులూ కిటికీలూ పోను గోడలు సుమారు 390 చదరపు అడుగులు వస్తాయి. మంచి ఎమల్షన్ రెండు కోట్లకు లీటరుకు 120 నుంచి 140 చదరపు అడుగులు వస్తుంది కాబట్టి నాలుగు లీటర్ల డబ్బా చాలు, కొంత మిగులుతుంది కూడా. ఇల్లంతా వేసేటప్పుడు ఒక్కో డబ్బాకు వెంట్రుకవాసి తేడా ఉండొచ్చు, లేత రంగుల్లో ఆ తేడా గోడ మధ్యన గీతలా కనిపిస్తుంది. అందుకే ఒకే గదికి తెచ్చిన డబ్బాలన్నింటినీ పెద్ద బకెట్‌లో కలిపేసుకున్నాకే రోలర్ ముంచాలి. డబ్బా మీద అంటించిన ఫార్ములా స్టిక్కర్‌ను ఫోటో తీసి ఉంచుకోవాలి. రెండు మూడేళ్లకు మరక పడినా, ఆ ఒక్కచోట పూస్తే అతుకు తెలిసిపోతుంది. ఈ మూల నుంచి ఆ మూల దాకా గోడంతా వేస్తేనే కలుస్తుంది.